నంబరు లేని రంగు

ట్రామ్ నడిపే హల్ష్కా
మార్చి ఆఖర్లో పార పట్టుకుని
మా వెనక ఖాళీ జాగాలో పైమట్టినంతా గీకి తీసేస్తోంది.

మిల్లు కూల్చిన జాగా అది.
మా వూచ్ ఊరంతా మిల్లులే ఒకప్పుడు.
ముప్ఫై ఒక్క ఏళ్లు నేను అక్కడే, రంగు తొట్ల పక్కన నిలబడ్డాను.
ఇప్పుడు ఇటుకపొడి, గడ్డి, ఎవరో పారేసిన పరుపు తాలూకు స్ప్రింగులు.

రెండో అంతస్తు కిటికీలోంచి అరిచాను:
"మతి పోయిందా అమ్మాయ్, ఇంక ఏం మొలుస్తుంది అందులో?"
తలెత్తకుండానే అంది:
"కిందటేడు పశువుల ఎరువు తెచ్చి పోశానుగా గ్రాత్స్యన్ గారూ,
ఏం వచ్చిందో చూశారుగా."

చూశాను. నడుమెత్తు గడ్డి.
దాని అడుగున ఊపిరాడక పోయిన నాలుగు పూలు.
కడుపు నిండిన నేలకి పూల మీద ధ్యాస ఉండదట.

తీసిన మట్టి బకెట్లకెత్తి
కింది వాటా బోగ్నా దోసపాదులకి పోసింది.
అలా బోగ్నా ఒక జాడీ ఊరగాయ బాకీ పడింది.

విత్తనాలు చూపించింది, అరచేతిలో.
గసగసాలు నాకు తెలుసు, పండగ రొట్టెలో చుట్టుకు తినేవే.
నీలి హాబర్ గింజ మాత్రం
గడ్డం గీసుకునే బ్రష్షుని చీమ కొలతకి చేసినట్టుంది.
పొడి ఇసుకలో కలిపింది,
ఎక్కడ పడిందో కంటికి ఆనడానికి.
చల్లాక మట్టి కప్పలేదు.
డ్యూటీ బూట్లతో అటూ ఇటూ నడిచింది.
"తొక్కాలి గాని పాతరెయ్యకూడదు" అంది.

ఏప్రిల్లో పావురాలు తప్ప ఏమీ లేవు.
మేలో పదిహేడు రోజులు చినుకు లేదు.
ఆమె రాత్రి షిఫ్టులో ఉండగా
నేనే మోకాలు పట్టుకుంటూ దిగి రెండు బకెట్లు పోసొచ్చాను.
చెప్పలేదు.

జూన్‌లో ఒక తెల్లారి
నీలం విచ్చింది.

ఆ నీలం నాకు పాత పరిచయం.
డెబ్బై తొమ్మిదిలో, ఫిన్లాండ్ ఆర్డరు.
వాళ్లు పంపిన గుడ్డముక్క పక్కన పెట్టుకుని
పదకొండు సార్లు తొట్టి మార్చాం.
పన్నెండోసారి మాస్టరు సరేననేశాడు.
సరి కాదని ఇద్దరికీ తెలుసు.
ఇదిగో, అదే.
పొద్దున్నే ఏడింటికి, ఇటుకపొడిలోంచి, ఊరికే.

తేనెటీగలొచ్చాయి.
ఎక్కణ్ణుంచని అడక్కండి,
ఏదో హోటలు డాబా మీద పెట్టెలున్నాయంటుంది బోగ్నా.
ఎర్రటి గసగసాల పువ్వులో దిగి
గిరగిరా పొర్లి
బొగ్గు దించిన కూలీల్లా నల్లటి కాళ్లతో లేస్తున్నాయి.

వాటికి ఎరుపు కనిపించదట. హల్ష్కా చెప్పింది.
మనం ఎరుపనుకునే దాంట్లోనే
మన కంటికి అందని ఇంకో రంగేదో చూసి వస్తాయట.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మా షేడ్ పుస్తకంలో ఆరు వందల పన్నెండు నంబర్లు,
అన్నీ నాకు నోటికి వచ్చు.
అది మాత్రం అందులో లేదు.

ఆగస్టుకి అంతా ఎండి గోనెపట్టా రంగు.
"కోసేయకూడదూ, చూడలేకపోతున్నా" అంది బోగ్నా.
"ఉండనీ" అన్నాను. నేనే.
కాయలు ఉప్పు డబ్బాల్లా గలగలమంటున్నాయి,
హల్ష్కా పనికెళ్తూ వస్తూ గుప్పెడు గుప్పెడు జేబులో వేసుకుంటోంది.

ఈ ఏడు ఇంకో వింత.
ట్రామ్ ఆఖరి స్టాపులో
పట్టాల మధ్య కంకరలో
ఎవరూ చల్లని చోట, వరసగా, నీలం.
దాని మీద ఒక తేనెటీగ, టిక్కెట్టు లేకుండా.

బండి ఆపి దిగి హల్ష్కా చాలాసేపు చూసింది.
తర్వాత యూనిఫాం కోటు జేబులో చెయ్యి పెట్టింది.
చిటికెనవేలు అడుగులోంచి బయటికొచ్చింది.

"కుట్టిపెట్టనా, సూదీ దారం నా దగ్గరున్నాయి" అన్నాను.

ఆలోచించింది.
"వద్దులెండి" అంది,
"తాళాలు ఎడమ జేబులో వేసుకుంటాను."